కొమ్ము తీసిన మాట

స్టూలుకు ఒక కాలు పొట్టి. పద్దెనిమిదేళ్ళ కిందటా ఇదే స్టూలు, ఇదే కాలు. అప్పుడూ ఎవరో ఒకరు దాని కింద అట్టముక్క మడిచి పెడుతూనే ఉండేవారు, నాటకం మధ్యలో అది జారిపోతూనే ఉండేది. ఆమె మడమతో అట్టముక్కను లోపలికి నెట్టి, ఒళ్ళోని నోటుపుస్తకం మీదికి వంగింది. పక్క తెర మడతలో చెయ్యి దూరేంత సందు ఉంది. అందులోంచి స్టేజీ మీది రొట్టెల దుకాణం సగం కనిపిస్తుంది: పిండి బల్ల, ఇటుకల్లా గీతలు గీసిన అట్టపొయ్యి, దాని పక్కన తలుపు. తలుపు ఒక్కటే నిజం. తక్కినదంతా అట్ట, గోనెగుడ్డ, రంగు. ఆ తలుపుకు బందులు బిగించింది అన్నయ్య. బల్ల వెనక నిలబడి పిండి పిసుకుతున్నదీ అన్నయ్యే. ఇంకా పదకొండు పేజీలు. పదకొండు పేజీల తర్వాత ఒక పాట, ఆ పాటలో మొదటి చరణం అన్నయ్య ఒక్కడే ఎత్తుకోవాలి. ఆ చరణం దగ్గరే అప్పుడు అతను ఆగిపోయి ఇటు చూశాడు, ఈ సందులోకి, ఈ స్టూలు వైపు, ఆమె కళ్ళలోకి. మాట ఆమె దగ్గర ఉంది. వేలి కింద ఉంది. ఇవ్వలేదు.

పేజీ తిప్పింది. కాగితం పాతబడి అప్పడంలా ఉంది, తిప్పితే చప్పుడు చేస్తుంది, అందుకని అంచు పట్టుకుని ఊపిరి బిగబట్టి తిప్పాలి. ఇవన్నీ వేళ్ళకు గుర్తున్నాయి, ఆశ్చర్యం. ఆమెను నాన్న ఈ స్టూలు మీద మొదటిసారి కూర్చోబెట్టినప్పుడు పదహారేళ్ళు. మాట అందించడమంటే చదివి వినిపించడం కాదన్నాడు. ముందు వరుసకు వినబడితే అది అందించడం కాదు, అల్లరి. మాట మొత్తం ఇవ్వకు, మొదటి రెండక్షరాలు ఇవ్వు, మిగతాది వాళ్ళే లాక్కుంటారు. ఊపిరి వదులుతూ ఇవ్వు, పీలుస్తూ ఇస్తే పాము బుస కొట్టినట్టుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, వాళ్ళు అడిగేదాకా ఆగకు, కళ్ళు ఇటు తిరిగాయంటే అప్పటికే ఆలస్యమైనట్టు. చర్చిలో క్వయర్ మాస్టరుగా నలభై ఏళ్ళు చేసిన మనిషి, పక్కవాళ్ళు తుమ్మినా ఏ శ్రుతిలో తుమ్మారో చెప్పగలిగిన మనిషి, ఆయన చెప్పినవన్నీ ఆమె వంటింటి డబ్బాల మీద చీటీలు అంటించుకున్నట్టు లోపల అంటించుకుంది. మొన్న ఆదివారం పాస్టరుగారు కృప గురించి చెబుతూ, అడగకముందే అందేది కృప, అడిగాక ఇచ్చేది జవాబు అన్నారు. అందరూ తలలూపారు. ఆమెకు మాత్రం ఈ స్టూలు కనిపించింది. తల వంచుకుని చీర అంచు మడతలు సరిచేసుకుంటూ కూర్చుంది.

రానని రెండుసార్లు చెప్పింది. ఏటేటా ఈ నాటకానికి మాట అందించేది పాస్టరమ్మ. పియానో వాయించే టీచరమ్మకు మణికట్టు బెణికితే పాస్టరమ్మ పియానో ముందుకు వెళ్ళాల్సి వచ్చింది, స్టూలు ఖాళీ అయింది. ఇంకెవరైనా కూర్చోవచ్చు, చదవడం వస్తే చాలు. కానీ అన్నయ్య నిన్న సాయంత్రం వచ్చి వాకిట్లో నిలబడి, "నువ్వు కూర్చుంటేనే చేస్తా, లేకపోతే పాస్టరుగారు వేరే రొట్టెలవాణ్ణి చూసుకోవాలి" అని, ఆమె ఏదో అనబోతుంటే, "చివరి పేజీ దాకా చూసుకుంటూ రా. తొందరపడకు" అని వెళ్ళిపోయాడు. చివరి పేజీ. ఎత్తిపొడుపా అది? రాత్రంతా ఆ రెండు మాటలనే అటు తిప్పి ఇటు తిప్పి చూసింది, బియ్యంలో రాళ్ళు వెతికినట్టు. ఎత్తిపొడుపు కనిపించలేదు, లేదని నమ్మకమూ కలగలేదు. పొద్దున చొక్కా ఇస్త్రీ చేస్తూ భర్తను అడిగితే ఆయన పేపరు దించకుండానే, "వెళ్ళి కూర్చో. ఇంట్లో పొద్దున్నుంచీ నాకు అందిస్తూనే ఉంటావుగా. కుళాయి కట్టండి, గొళ్ళెం పెట్టండి, మీ అమ్మకు ఫోన్ చెయ్యండి. ఒక్కరోజు ఇంకెవరికైనా అందిస్తే నాకూ కాస్త విశ్రాంతి" అన్నాడు. ఇప్పుడు మూడో వరుసలో చివరి కుర్చీలో కూర్చున్నాడు, ఆ చొక్కాతోనే. ఆయనకు కూడా చెప్పలేదు. ఇరవై ఏళ్ళ కాపురంలో చెప్పనిది ఇదొక్కటే. చెబితే ఆయన ఏమంటాడో తెలుసు, అప్పుడు చిన్నదానివి అంటాడు. ఇరవై ఆరేళ్ళంటే చిన్నతనం కాదు.

స్టేజీ మీద ఏరు పొంగుతోంది. అంటే నీలం రంగు పరదాను ఇద్దరు ఆడపిల్లలు అటూ ఇటూ ఊపుతున్నారు. రొట్టెలవాడి పిల్లలు ఐదుగురూ పొయ్యి చుట్టూ చేరి పాడుతున్నారు, పొయ్యి ఆరితే ఊరు ఆకలిగా లేస్తుంది, ఊరు లేచేలోపు పొయ్యి ఆరకూడదు. ఈ నాటకం నాన్నే రాశాడు, పాటలన్నీ ఆయనే కట్టాడు. ఏరు పక్కన రొట్టెలు చేసుకునే ఒక కుటుంబం, పెద్దకొడుకు తండ్రితో మాటామాటా పెరిగి వెళ్ళిపోతాడు, ఏరు పొంగి సగం ఊరు కొట్టుకుపోతుంది, రొట్టెలవాడు తలుపు తీసే ఉంచి ఊరందరికీ రొట్టెలు పంచుతాడు, నీళ్ళు లోపలికొస్తాయని భార్య చెప్పినా వినడు, నీళ్ళే కాదు రావాల్సినవాడూ ఆ తలుపులోంచే రావాలి కదా అంటాడు. చిన్నపిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా ఇంటిల్లిపాదీ వచ్చి చూసే నాటకం. పాటలు అందరికీ వచ్చు, ఎక్కడ నవ్వాలో ఎక్కడ చేతిరుమాలు తియ్యాలో కూడా వచ్చు. బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు అని అర్థమని పాస్టరుగారు ప్రతిసారీ నాటకానికి ముందు చెబుతారు, ప్రతిసారీ కొత్తగా చెబుతున్నట్టే చెబుతారు. ఇవాళ కూడా చెప్పారు. అప్పుడు ఆమె ఈ నోటుపుస్తకం అట్ట మీద నాన్న చేతిరాత చూస్తోంది. ముత్యాలు కాదు, ముత్యాలు ఒక సైజులో ఉండవు; ఇవి అచ్చు పోసినట్టుంటాయి.

కొట్టివేత కనబడదు ఆ రాతలో, ఎక్కడా. తప్పు రాస్తే ఆయన గీత గీసేవాడు కాదు. సగం బ్లేడు తీసుకుని, కాగితాన్ని కిటికీ దగ్గర వెలుగులో పెట్టి, ఆ అక్షరం మీది సిరాను మాత్రం గీరేవాడు, పొర పొరగా, వెంట్రుక పక్కకు జరిపినట్టు. తర్వాత బొటనవేలి గోటితో ఆ చోటును నునుపు చేసేవాడు. చూసేవాళ్ళకు తప్పు జరిగినట్టే తెలియదు, వెలుగుకు అడ్డం పెడితే మాత్రం ఆ చోట కాగితం పలచగా వెలుగుతుంది. చిన్నప్పుడు నాన్న ఇంట్లో లేనప్పుడు ఆమె, అన్నయ్య ఆయన నోటుపుస్తకాలు కిటికీకి అడ్డంపెట్టి తప్పులు వెతికేవాళ్ళు, దొరికితే రొట్టెముక్క పందెం. ఎప్పుడో గాని దొరికేవి కావు.

కొమ్ము. అక్కడ మొదలైంది అంతా. అన్నయ్యకు పదేళ్ళు, తనకు ఆరు. ఆ రోజుల్లో చివరి పాట రొట్టెలవాడిది కాదు, ఆఖరి పిల్లవాడిది. వెళ్ళిపోయిన పెద్దన్నయ్య గుమ్మం అవతల నిలబడితే లోపల్నుంచి ఆఖరి పిల్లవాడు ఒక్కడే ఎత్తుకుంటాడు: నీ తలుపు మూయలేదు, ఏ పూటా మూయలేదు. అన్నయ్య గొంతు అప్పుడు గాజుగ్లాసు అంచు మీద తడివేలు తిప్పినట్టుండేది. అన్నయ్య పాడాడు, నీ తలపు మూయలేదు, ఏ పూటా మూయలేదు. లకు కొమ్ము మింగేశాడు. తలుపు కాస్తా తలపైంది. ఎవరూ కనిపెట్టలేదు, ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, నాన్న తప్ప అందరూ మెచ్చుకున్నారు. నాన్న ఇంటికొచ్చి బూట్లు విప్పకముందే పలక తెప్పించి, తలుపు అని వందసార్లు రాయించాడు, తలపును ఎవరు మూస్తారు, ఎవరు తీస్తారు, అర్థం లేని పాట పాడతావా అని. అమ్మ వంటింట్లోంచి, "పోనీలెండి, కొమ్ములు లేని పిల్లవాడు దొరకడమే కష్టం. ఉన్నవాళ్ళకు చాలానే ఉన్నాయి" అంది. నాన్నకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది, అర్థమయ్యాక నవ్వలేదు. తర్వాతి ఏడాది ఆ చరణం పిల్లల చేతుల్లోంచి తీసి రొట్టెలవాడికి ఇచ్చేశాడు. కొమ్ము పోగొట్టనివాళ్ళ చేతికి. ఇంట్లో మాత్రం అది మిగిలిపోయింది. అన్నయ్య అన్నం దగ్గర అలిగితే అమ్మ, అదిగో కొమ్ములొస్తున్నాయి అనేది. నిజంగానే వచ్చాయి తర్వాత. గొంతు విరిగి గంభీరంగా మారింది, పెళ్ళిళ్ళకు పిలిచేవాళ్ళు, విందులకు పిలిచేవాళ్ళు, పాడాక ఒక గ్లాసు, పాడకముందు ఒక గ్లాసు, తర్వాత పాటతో పని లేకుండానే గ్లాసు.

పక్కన తెర వెనక ఎవరో దగ్గు ఆపుకుంటున్నారు. పెద్దకొడుకు వేషం వేసిన ఎలక్ట్రీషియను. ఇప్పుడు అతని ప్రవేశం, వరదలో ఒంటరిగా నడుస్తూ ఒక స్వగతం. వెళ్ళాడు. పరదా నీళ్ళ మధ్య నిలబడ్డాడు. నాకు ఇల్లు లేదనుకున్నాను, అన్నాడు. తర్వాత ఏమీ అనలేదు. అతని మెడ మీద నరం కదిలింది, కళ్ళు ఇంకా ఇటు తిరగలేదు. ఆమె ఊపిరి వదులుతూ, "ఏరు," అంది. ఏరు దాటుతుంటే తెలిసింది ఇల్లు నన్ను వదల్లేదని, అంటూ అతను అందుకున్నాడు, అసలు మరిచిపోనట్టే. ముందు వరుసలోని పాప వేలు చీకుతూనే ఉంది, ఎవరూ ఇటు చూడలేదు. ఆమె అరచేతులు చీరకు తుడుచుకుంది. ఇంత తేలిక. రెండక్షరాలు, పావు ఊపిరి. అప్పుడూ ఇంతే తేలిక. ఇంకా ఆరు పేజీలు.

ఆ ఏడాది, ఆసుపత్రిలో, అమ్మ వార్డులో నాలుగు మంచాలు. అమ్మది తలుపుకు ఎదురుగా. ఊపిరితిత్తులు, పదకొండో రోజు. ఆ రోజు మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా కూర్చోవడం అన్నయ్య వంతు. ఒంటిగంటకు ఫోన్ చేసి, ఇప్పుడే బయల్దేరుతున్నా, నువ్వెళ్ళు అన్నాడు. ఆమె వెళ్ళింది. స్నానం చేసింది, అన్నం వండింది, బట్టలు ఆరేసింది, ఆరేస్తూ కాసేపు ఎండలో ఊరికే నిలబడింది కూడా. ఆ కాసేపు సంగతి ఆమె ఎప్పుడూ మరిచిపోదు. నర్సమ్మ తర్వాత చెప్పింది: గాలి కొడుతోందని తలుపు మూస్తే మీ అమ్మగారు మూయనివ్వలేదు, మావాడు వస్తానన్నాడు, మూసుంటే తిరిగెళ్ళిపోతాడు, వాడికి తట్టడం చేతకాదు అన్నారు, రెండుసార్లు మూసినా రెండుసార్లూ తీయించారు. అన్నయ్య ఆరు కావస్తుండగా వచ్చాడు, చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని, వాసనతో. అప్పటికి మంచం మీద దుప్పటి మార్చేశారు.

మూడు వారాలకు నాటకం. వద్దన్నా నాన్న ఆపలేదు, మీ అమ్మకు ఇష్టమైంది అన్నాడు. అన్నయ్య రొట్టెలవాడు, జుట్టుకు తెల్లపౌడరు. ఆ రోజు తాగి రాలేదు, అది ఆమె ఇవాళ ఒప్పుకోగలదు, అప్పుడు ఒప్పుకోలేదు. చేతులు వణుకుతుంటే తాగాడనే అనుకుంది, అనుకోవాలని ఉండి అనుకుంది. చివరి పాట వచ్చింది. పియానో ముందు నాన్న రెండు మెట్లు వాయించి ఆగాడు. అన్నయ్య తలుపు ముందు నిలబడ్డాడు, నోరు తెరిచాడు, నీ, అన్నాడు. అంతే. కళ్ళు ఇటు తిరిగాయి. ఆమె చూపుడువేలు పేజీ మీద తలుపు అనే మాట మీద ఉంది, లు మీద, ఆ కొమ్ము మీద, సిరా ఇంకా నల్లగా మెరుస్తోంది. మూయకమ్మా, మావాడొస్తాడు. ఆమె వేలు తియ్యలేదు, పెదవి కదపలేదు. అన్నయ్య చూశాడు. ఎంతసేపో. ఆమెకు చోటు దొరకలేదని మొదట అనుకున్నాడు, తర్వాత ఆమె ఇవ్వడం లేదని అర్థం చేసుకున్నాడు. ఆ అర్థం కావడం ఆమె అతని మొహంలో చూసింది, గిన్నెలో పాలు విరగడం చూసినట్టు. నెమ్మదిగా ఏప్రను విప్పి, మడతపెట్టి, పిండి బల్ల మీద పెట్టి, ఆ తలుపులోంచే బయటికి నడిచాడు. నాన్న పియానో దగ్గర్నుంచే చరణం ఎత్తుకున్నాడు, క్వయర్ అందుకుంది, తల్లి పోయిన దుఃఖం పాపం అని ఊరంతా అనుకుంది. కానీ పియానో ఆ చివర ఉంటుంది, ఆ చివర్నుంచి ఈ సందు కనిపిస్తుంది. నాన్న చూశాడు. ఆ రాత్రి అన్నయ్య ఇంటికి రాలేదు, ఊరే వదిలి వెళ్ళిపోయాడు; నాన్న ఆమెను ఒక్క మాట అనలేదు. మరుసటి ఏడాది ఆమె, నేను కూర్చోను నాన్నా అంటే, ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఆమె నాటకానికే రాలేదు, ఏటేటా ఆ పూటకు ఏదో ఒక పని పెట్టుకునేది, బీరువా సర్దడమో, పచ్చళ్ళ జాడీలు కడగడమో. ఆ పాట నాటకంలో తప్ప ఇంకెక్కడా పాడరు. అదొక మేలు. నాన్న పోయి ఏడేళ్ళు, అన్నయ్య పేరు నోటితో పలకకుండానే పోయాడు. రాతపూర్వకంగా కూడా ఒక ముక్క లేదు. ఆయనకు ఉత్తరాలు రాయడం వచ్చేది కాదు, దిద్దడమే వచ్చు.

నాలుగు నెలల కిందట ఒక పొద్దున కాళ్ళపట్టా దులపడానికి తలుపు తీస్తే గుమ్మం అవతల అన్నయ్య. ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో. తట్టలేదు. చేతులు మాత్రం కొత్తవి, ముంజేతుల దాకా కాలిన మచ్చలు, గోళ్ళ సందుల్లో తెల్లగా. రొట్టెల బట్టీలో పని, ఎక్కడో పెద్ద ఆసుపత్రి వంటశాలలో, ఎనిమిదేళ్ళుగా ఒక్క చుక్క ముట్టలేదట. వేకువనే లేవాలి చెల్లాయ్, పిండికి మన సంగతులతో పనిలేదు, పొంగే వేళకు పొంగుతుంది అన్నాడు, టీ తాగుతూ. ఎనిమిదేళ్ళు ఎలా ఆపావని ఆమె అడిగితే, ఒక్కో రోజు ఆపాను, రేపటిది ఇంకా ఆపలేదు అన్నాడు. నాన్న సమాధి దగ్గరికి వెళ్ళాడు, ఒక్కడే వెళ్ళాడు. అమ్మ గురించి ఇద్దరూ మాట్లాడలేదు. స్టూలు గురించి అసలే. ఇక్కడి బట్టీలో పనికి కుదిరాడు, రొట్టెలవాడి వేషం వేయాల్సిన పోస్టుమాస్టరు జబ్బుపడితే పది రోజుల కిందట పాస్టరుగారు ఇతన్ని పిలిచారు, నటించే శ్రమ సగం తగ్గింది మీకు అని నవ్వారట. నాలుగు నెలల్లో ఆమె ఎన్నోసార్లు నోటిదాకా తెచ్చుకుంది, అన్నయ్యా, ఆ రోజు మాట నా దగ్గరుంది. అది చెప్పడానికి మొదటి రెండక్షరాలు ఎవరిస్తారు? ఒక్కోసారి ప్రార్థనలో కూడా అదే అడిగేది, ప్రభువా మొదటి రెండక్షరాలు ఇవ్వు, మిగతాది నేను లాక్కుంటాను. ఇంకా ఒక పేజీ.

ఒక పేజీ. పిల్లలు రొట్టెలు గంపల్లోకి సర్దుతున్నారు, అందులో సగం నిజం రొట్టెలు, అన్నయ్య ఇవాళ పొద్దున కాల్చి తెచ్చినవి, హాలంతా ఆ వాసన. వరద తీసింది. పరదా మడతపెట్టారు. ఎలక్ట్రీషియను తలుపు అవతల నిలబడ్డాడు, చెయ్యి ఎత్తి తట్టబోయి దించేశాడు. ఆమెకు ఒక్కసారిగా భయం వేసింది, అతను మరిచిపోతాడని కాదు, తన గొంతు రాదని. అప్పుడు రాకూడదని ఆపిన గొంతు ఇప్పుడు రావాలంటే వస్తుందా? ముందే మాట చూసి పెట్టుకుందామని చివరి పేజీ తిప్పింది. నాన్న అచ్చురాత. చివరి పాట. నీ తలపు మూయలేదు, ఏ పూటా మూయలేదు.

తప్పు చదివాననుకుంది. కళ్ళజోడు సరిచేసుకుని మళ్ళీ చదివింది. తలపు. కింద క్వయర్ చరణం, అక్కడా తలపు. మూడోసారి, నాలుగోసారి, తలపు, తలపు. ఆమె వేలు పెట్టిన చోటు ఆమెకు తెలియదా, పద్దెనిమిదేళ్ళుగా ఆ చోటు మీంచి వేలు తీసిందెప్పుడు? అక్కడ లు ఉండేది. కొమ్ము ఉండేది, నల్లగా, మెరుస్తూ. పేజీని కొద్దిగా పైకెత్తి స్టేజీ దీపానికి అడ్డంపెట్టింది. నాలుగు చోట్ల కాగితం పలచగా వెలిగింది, ఆవగింజంత, ఆవగింజంత, నాలుగు వెలుగు చుక్కలు. బ్లేడుతో గీరిన చోట్లు. గోటితో నునుపు చేసిన చోట్లు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, చెయ్యి వణికే వయసులో, ఆ ముసలాయన సరిగ్గా ఉన్న మాటను తప్పు చేశాడు. పదేళ్ళ పిల్లవాడు పాడినట్టు చేశాడు. తలపును ఎవరు మూస్తారు, ఎవరు తీస్తారు అని వందసార్లు రాయించిన మనిషి, తనకు తానే జవాబు రాసుకున్నాడు, రాయలేదు, గీరాడు. అన్నయ్యకు మాత్రమేనా? నాన్నకు ఈ సందు కనిపించేది. ఈ పేజీ మీద ఎవరి వేలు ఆగిపోయిందో ఆయనకు తెలుసు. ఎప్పుడో ఒకప్పుడు ఈ స్టూలు మీదికి మళ్ళీ ఎవరు వస్తారని ఈ పుస్తకాన్ని చర్చి బీరువాలో ఉంచాడో. చివరి పేజీ దాకా చూసుకుంటూ రా, తొందరపడకు, అన్నాడు అన్నయ్య.

పియానో రెండు మెట్లు మోగి ఆగింది. పాస్టరమ్మ చేతులు ఎత్తిపట్టుకుంది. అన్నయ్య బల్ల వెనకనుంచి వచ్చి తలుపు ముందు నిలబడ్డాడు, చేతులు ఏప్రనుకు తుడుచుకున్నాడు, జుట్టుకు ఈసారి పౌడరు అక్కర్లేదు. నోరు తెరిచాడు. నీ, అన్నాడు. ఆగాడు. హాలు ఆగింది. ఆమెకు తెలిసిన నియమాలన్నీ వరసగా లోపల నిలబడ్డాయి, ఊపిరి వదులుతూ, రెండక్షరాలే, ముందు వరుసకు వినబడకుండా, కళ్ళు తిరగకముందే. కళ్ళు తిరిగాయి. ఆ కళ్ళలో భయముందో, ప్రశ్న ఉందో, చీకట్లో తెలియలేదు, ఆమె చూడటానికి ఆగలేదు కూడా. "తలపు," అంది. రెండక్షరాలు కాదు, మాట మొత్తం. ఊపిరితో కాదు, గొంతుతో, వాకిట్లోంచి పిల్లవాణ్ణి అన్నానికి పిలిచినట్టు. "తలపు, అన్నయ్యా."

అన్నయ్య మొహం విచ్చుకుంది. పదేళ్ళ మొహం, గాజుగ్లాసు గొంతు లేదు గాని ఆ మొహమే. నీ తలపు మూయలేదు, ఏ పూటా మూయలేదు. గొంతు అక్కడక్కడా బరకగా ఉంది, పై స్థాయిలో ఒకచోట అందలేదు, అందకపోయినా అది దాటి వెళ్ళాడు. తలుపు లాగాడు. అవతల ఎలక్ట్రీషియను నిలబడి ఉన్నాడు, నిజంగానే ఏడుస్తున్నాడు, అది అతని పాత్రలో లేదు. క్వయర్ అందుకుంది, నలభై గొంతులు, ముసలివాళ్ళు, పిల్లలు, నీ తలపు మూయలేదు, ఒక్కరైనా తడబడలేదు, ఒక్కరి నోటా కొమ్ము లేదు. వాళ్ళకు అదే పాట. నాన్న అలాగే నేర్పాడన్నమాట, ఎన్నేళ్ళ పాటో, ఆమె జాడీలు కడుగుతున్న సాయంత్రాలన్నీ ఈ హాల్లో ఈ మాట ఇలాగే మోగింది, ఊరందరికీ తెలుసు, ఆమెకు తప్ప. ఆమె పుస్తకం మూయలేదు. ఒళ్ళో తెరిచి పెట్టుకుని, దీపం వెలుతురులో ఆ నాలుగు చుక్కల మీద వేలు ఒక్కోటిగా నడిపించింది. నునుపుగా ఉన్నాయి. స్టూలు కింద అట్టముక్క మళ్ళీ జారిపోయింది, ఆమె ఒక పక్కకు ఒరిగి, అలాగే కూర్చుంది.

చప్పట్లు ఇంకా ఆగలేదు. తెర పడగానే అన్నయ్య ఇటే వచ్చాడు, చేతుల నిండా పిండి, నుదుటి మీద చెమట కాలువలు కట్టి. స్టూలు పక్కన గోడకు ఆనుకుని కాసేపు ఊపిరి తీసుకున్నాడు. ఆమె వైపు చూడకుండా ఏప్రను ముడి విప్పుకుంటూ అన్నాడు.

"అంత గట్టిగా అందిస్తారా ఎవరైనా? మూడో వరుసలో బావ ఉలిక్కిపడ్డాడు."

"నీకు వినబడదేమోనని."

అన్నయ్య ముడి విప్పడం ఆపాడు. వంగి, అట్టముక్క తీసి, రెండు మడతలు మూడు చేసి, స్టూలు పొట్టికాలు కింద పెట్టి, అది కదలకుండా బొటనవేలితో నొక్కి చూశాడు.

"వినబడిందిలే," అన్నాడు.